బాస్క్ కొండల్లో పాత రైలు కట్టల మీదే తిరిగితే అది సైకిల్ యాత్ర కాదా?

సంచిసైకిల్ (టూలూజ్)
అందరికీ నమస్తే. జూన్‌లో నేను, మా ఆవిడ, పదకొండేళ్ల మా అమ్మాయి ఆరు రోజులు బాస్క్ కొండల్లో (స్పెయిన్ ఉత్తరాన, ఫ్రాన్స్ సరిహద్దు దగ్గర) సైకిళ్ల మీద తిరిగి వచ్చాం. ఇరూన్ నుంచి బిదసోవా నది వెంట డోనెస్టేబె దాకా వెళ్లాం. తర్వాత సైకిళ్లు కారులో వేసుకుని ప్లసావోలా దారికి, చివర్లో విటోరియా నుంచి ఎస్తెయ్యా వైపు వెళ్లే వాస్కో-నవార్రో దారికి మారాం. మూడూ ఒకప్పుడు రైళ్లు నడిచిన కట్టలే. పట్టాలు తీసేసి నడిచేవాళ్లకు, సైకిళ్లకు వదిలారు. స్పెయిన్‌లో 1993 నుంచి ఇలాంటి దారులను ‘వియాస్ వెర్దెస్’, అంటే పచ్చదారులు అని పిలుస్తున్నారు.

ఇక్కడి మా రైడింగ్ గ్రూపులో ఫొటోలు పెట్టాను. బాగా అనుభవమున్న ఒకాయన, “ఒక్క ఘాట్ కూడా ఎక్కకుండా బాస్క్ చూశామంటే ఎలా? అది పార్కులో షికారు లాంటిది, యాత్ర కాదు” అన్నారు. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. మా అమ్మాయి తన బట్టలు తనే మోసుకుంటూ రోజుకు ముప్పై కిలోమీటర్లు తొక్కింది. వెనక కారు వస్తోందేమో అని ఒక్కసారి కూడా తిరిగి చూసుకోలేదు. నా లెక్కలో యాత్ర అంటే అదే. మీరేమంటారు?

కొండదారి
అన్నా, మీ అమ్మాయికి ముందుగా శభాష్. కానీ ఆ పెద్దాయన మాటలో సగం నిజముందని నేను నమ్ముతాను.

బాస్క్ వాళ్లకు సైకిల్ అంటే ఘాటే. సాన్ సెబాస్టియన్‌లో 1981 నుంచి క్లాసికా రేసు జరుగుతోంది. దానికి పేరు తెచ్చింది సముద్రం పక్కన ఉన్న హైస్కిబెల్ ఎక్కుడు. 2023లో టూర్ డి ఫ్రాన్స్ బాస్క్ నగరం బిల్బావోలో మొదలైనప్పుడు కొండల మీద రోడ్డుకు అటూ ఇటూ జనం ఎలా నిలబడ్డారో టీవీలో మీరూ చూసే ఉంటారు. ఎయిబార్ ఊరిలో తుపాకులు చేసిన కంపెనీలే తర్వాత సైకిళ్లు చేశాయి. ఓర్బెయా, బీహెచ్ రెండూ అలా వచ్చినవే.

నేను ఇస్పెగి ఘాట్ ఎక్కుతుంటే పొలంలో గడ్డి కోస్తున్న ఒక ముసలాయన పని ఆపి “అవుపా!” అని కేకేశాడు. మనవాళ్లు “పదరా పద!” అన్నట్టే. పైకి చేరితే ఒక పక్క స్పెయిన్ లోయ, ఇంకో పక్క ఫ్రాన్స్ లోయ. రైలు కట్ట మీద ఇది దొరకదు. అక్కడ ఎంతసేపూ లోయ అడుగునే ఉంటాం, రెండు పక్కలా చెట్లే.

రైల్వేపిచ్చి
లోయ అడుగున ఉంటామన్నది సగమే నిజం, కొండదారి గారూ. ప్లసావోలా దారిని ఆండోయిన్ నుంచి తొక్కి చూడండి. సముద్ర మట్టానికి కాస్త పైన మొదలై, లెయిత్సా దాటాక దాదాపు 600 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. రైలింజన్ లాగాలి కాబట్టి వంద మీటర్ల దూరానికి రెండు మూడు మీటర్ల చొప్పునే లేస్తుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, మాట్లాడుకుంటూనే కొండ ఎక్కేస్తాం. పైన ఉయిత్సి సొరంగం, రెండున్నర కిలోమీటర్లకు పైనే. లోపల మండు వేసవిలోనూ చలి, పైనుంచి నీటి చుక్కలు. అవతల బయటపడితే లెకున్‌బెరి. అక్కడి పాత స్టేషనే ఇప్పుడు పర్యాటకుల ఆఫీసు.

ఈ లైను కథే కొండల కథ. ముందు ఇనుప ఖనిజం దింపడానికి వేశారు. 1914లో పాంప్లోనా, సాన్ సెబాస్టియన్‌లను కలుపుతూ ప్రయాణికుల రైలు వచ్చింది. 1953లో వరదలు దెబ్బతీశాక రైళ్లు ఆగిపోయాయి. వాస్కో-నవార్రో లైనుకు 1929లోనే కరెంటు పెట్టారు, 1967 చివరి రోజున మూసేశారు. ఆ దారిలోని అంతోన్యానా స్టేషన్ దగ్గర పాత రైలు పెట్టె ఒకటి ఇంకా నిలబెట్టి ఉంచారు. ఎస్తెయ్యా స్టేషన్‌లో ఇప్పుడు బస్సులు ఆగుతాయి.

ఘాట్ మీద గొర్రెల కాపరి దేశం కనిపిస్తుంది, ఒప్పుకుంటాను. కట్ట మీద గని కూలీ, స్టేషన్ మాస్టరు, లోయ ఊళ్ల నుంచి పట్నంలో పనికెళ్లిన వాళ్లు కనిపిస్తారు. అదీ బాస్కే కదా?

లెయిత్సాలో ఆగినప్పుడు ఇంకో మాట తెలిసింది. మూడు వందల కిలోల రాయి ఎత్తి పేరు తెచ్చుకున్న ఇన్యాకి పెరురెనాది ఆ ఊరే. మా ఊళ్లో సంక్రాంతికి గుండు ఎత్తే పందేలు గుర్తొచ్చాయి.

నీలిగొడుగు
ఇక్కడ అందరూ ఏది అసలైన యాత్ర అని వాదిస్తున్నారు. ఎవరు రోడ్డెక్కగలరు అన్నది ఎవరూ అడగట్లేదు.

నాకు నలభై ఆరేళ్లు. సైకిల్ నేర్చుకున్నదే నలభై దాటాక. రెండేళ్ల కిందట మావారితో కలిసి బాస్క్ ప్రాంతంలోని గిపుస్కోవా జిల్లాలో ఒక ఘాట్ రోడ్డు మీద వెళ్లాను. స్పెయిన్ చట్టం మంచిదే. సైకిల్‌ను దాటేటప్పుడు కనీసం మీటరున్నర ఎడం వదలాలి. 2022 నుంచి ఒక్కో వైపుకు రెండు అంతకంటే ఎక్కువ లేన్లున్న రోడ్డుపై పూర్తిగా పక్క లేన్‌లోకి మారి దాటాలి. చాలామంది పాటిస్తారు, అది కళ్లారా చూశాను. కానీ పాటించనివాడు ఒక్కడు చాలు. మలుపులో ఒక వ్యాను నా మోచేయి పక్కనుంచే దూసుకుపోయింది. కింద పడలేదు. కానీ బండి పక్కన పెట్టి అరగంట కూర్చున్నాను. చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆ సాయంత్రం ఇంక సైకిల్ వద్దనుకున్నాను.

మర్నాడు మావారు బిదసోవా కట్ట మీదకు తీసుకెళ్లారు. నదికి అవతల ఇరూన్-పాంప్లోనా రోడ్డు మీద లారీల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ చప్పుడు వింటూ, అది నా దాకా రాదని తెలిసి తొక్కడం ఎంత హాయో చెప్పలేను. లెసాకా వైపు ఇద్దరు బామ్మలు చేతికర్రలతో నడుస్తూ ఎదురయ్యారు. ఒక నాన్న బుల్లి సైకిల్‌ను వెనక నుంచి తోస్తున్నాడు. ఘాట్ మీద వీళ్లెవరూ కనిపించరు. ఆ దారి లేకపోతే నేను ఈ రోజు సైకిల్ తొక్కేదాన్ని కాదు. దాన్ని పార్కులో షికారు అంటే నాకు బాధ కలుగుతుంది.

కొండదారి
అక్కా, మీరు చెప్పింది చదివాక నా మొదటి మాటలు కొంచెం దురుసుగా అనిపించాయి. భయపడుతూ ఎక్కాలని నేను అనను, ఎప్పుడూ అనను.

అయితే ఒక విషయం మాత్రం వదలను. ఈ కట్టలు ఒకదానికొకటి కలవవు. సంచిసైకిల్ అన్న మధ్యలో కారు వాడింది అందుకే. డోనెస్టేబె నుంచి లెయిత్సాకు సైకిల్ మీదే వెళ్లాలంటే ఎస్కుర్రా మీదుగా రోడ్డెక్కక తప్పదు. ఆఖరికి వాస్కో-నవార్రోలో కూడా రెండు కిలోమీటర్ల పైచిలుకు లామినోరియా సొరంగం మూతపడి ఉంది. గెరెన్యు ఘాట్ మీదుగా చుట్టి రావాలి. కాబట్టి బండ్లు లేని దారి అంటే పాత రైలు కట్ట ఒక్కటే అనుకుంటే ముక్కలు ముక్కలుగానే తిరుగుతాం.

బెలాటె ఘాట్ చూడండి. లారీలు, కార్లు అన్నీ కొండ కింద కొత్త సొరంగాల్లోంచి పోతాయి. అందులోకి సైకిళ్లను రానివ్వరు. దాంతో 847 మీటర్ల ఎత్తుకు ఎక్కే పాత ఘాట్ రోడ్డు దాదాపు మనకే మిగిలింది. పొద్దున ఎనిమిదికి ఎక్కితే నాకు ఎదురైంది రెండు కార్లు, ఒక ట్రాక్టరు. అక్కా, ఇలాంటిది ఒక్కసారి ప్రయత్నించమని మాత్రం అడుగుతాను.

ట్యాంక్‌బండ్
హైదరాబాద్ నుంచి. మాకు ఓఆర్ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ పైకప్పు ట్రాక్ 2023లో వచ్చింది, 23 కిలోమీటర్లు. కార్లు తగలవు. నీడ ఉంది, నున్నగా ఉంది. ప్రాక్టీసుకు ఎంతో మేలు, దాన్ని తక్కువ చేయను. కానీ అక్కడ ఊరు లేదు, బామ్మలు లేరు. మీరు చెబుతున్నవి వింటుంటే తేడా అర్థమవుతోంది. ఒక సందేహం: ఆ కట్టల మీద కంకరే ఉంటుందా? తారు వేయొచ్చు కదా?

రైల్వేపిచ్చి
ఈ విషయంలో నేను మొండిగా ఉంటాను. ఊళ్ల దగ్గర తారో సిమెంటో వేయడం మంచిదే. పిల్లలు బడికి, పెద్దలు పనికి వెళ్తారు. అలాంటి సైకిల్ దారిని బాస్క్ భాషలో ‘బిదెగోరి’ అంటారు. బిదె అంటే దారి, గోరి అంటే ఎరుపు. ప్లసావోలా దారి వెళ్లే లెయిత్సరాన్ లోయ లోపల మాత్రం కంకరే ఉండాలి. నున్నగా చేస్తే బ్యాటరీ సైకిళ్లు వేగంగా వస్తాయి, నడిచేవాళ్లు పక్కకు తప్పుకుంటూ ఉండాలి. రోడ్డు మీద మనకు కార్లు చేసిందే వాళ్లకు మనం చేస్తాం.

నీలిగొడుగు
వాన పడితే ఆ కంకర బురదవుతుంది, అదీ చెప్పండి. అక్కడ సన్నటి జల్లు ఎప్పుడు పడుతుందో తెలియదు. తారు వద్దనండి, కానీ నీళ్లు నిలవకుండా చూడాలి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు కూడా ఆ ఉయిత్సి సొరంగం చూడాలని ఉంటుంది.

రైల్వేపిచ్చి
చక్రాల కుర్చీ సంగతి నేను ఆలోచించలేదు, నీలిగొడుగు గారూ. అది న్యాయమైన మాట. దాని కోసమైతే కొన్ని చోట్ల గట్టి దారి వేయడానికి ఒప్పుకుంటాను.

సంచిసైకిల్ (టూలూజ్)
అందరికీ ధన్యవాదాలు. కట్ట మీద యాత్ర తక్కువ అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. కానీ కారులో మారడం నాకూ వెలితిగానే ఉండింది, కొండదారి చెప్పాక అది ఎందుకో తెలిసింది. ఇంట్లో మాట్లాడాం. సెప్టెంబరులో ఇరూన్ నుంచే మళ్లీ బయలుదేరతాం. బిదసోవా మధ్యలో ఫెసాన్ల దీవి ఉంది కదా, ఏడాదిలో ఆరు నెలలు స్పెయిన్‌ది, ఆరు నెలలు ఫ్రాన్స్‌ది. జూన్‌లో చూసినప్పుడు స్పెయిన్‌ది, ఈసారి ఫ్రాన్స్‌ది అయి ఉంటుందని మా అమ్మాయి ఇప్పటి నుంచే లెక్క వేసుకుంటోంది. డోనెస్టేబెలో రాత్రి ఆగి, పొద్దున్నే బెలాటె ఎక్కుతాం. తను అలసిపోతే దిగి తోసుకుంటూ నడుస్తాం.

కొండదారీ, ఆ ఎక్కుడులో నీళ్లు ఎక్కడ దొరుకుతాయో, పిల్లలు కూర్చోవడానికి నీడ ఎక్కడుందో రాయి తమ్ముడూ.