తెల్లబడే క్రీమ్ కావాలంటున్న పాపకు ఎలా నచ్చజెప్పాలి?

అందరికీ నమస్కారం. మా పాపకు 13 ఏళ్లు, చామనఛాయ. మొన్నటిదాకా రంగు సంగతే పట్టించుకునేది కాదు. ఈ వేసవి సెలవుల్లో ఫోన్ ఎక్కువగా చూసింది. రీల్స్ మధ్యలో అన్నీ ఫేస్ సీరమ్, క్రీమ్ ప్రకటనలే. ఇప్పుడు ఫొటో తీస్తానంటే మొహం తిప్పేసుకుంటోంది. మాకు చెప్పకుండా, పండక్కి తాతయ్య ఇచ్చిన డబ్బులతో ఏదో క్రీమ్ తెప్పించుకుని రాసింది. బుగ్గల నిండా దద్దుర్లు, మంట. డాక్టరు గారు వెంటనే ఆపించారు. అయినా ఇంకోటి కొనమంటోంది!

రంగు తక్కువవాళ్లను చిన్నచూపు చూసేలా ప్రకటనలు ఉండకూడదని, ప్రకటనల రంగానికి చెందిన స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కీ (ASCI) 2014లోనే నియమాలు పెట్టింది. ఇప్పుడు ‘తెలుపు’ అనకుండా ‘గ్లో’ అంటున్నారు. పిల్లకు మాత్రం అదే అర్థమవుతోంది. పైగా ఇంటికొచ్చిన చుట్టాలు ‘అమ్మ రంగు వచ్చుంటే బాగుండేది’ అని దాని ముందే అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

చర్మానికి రంగునిచ్చే మెలనిన్ గురించి చెప్పాను, వినలేదు. ‘నువ్వు తెల్లగా ఉన్నావు కాబట్టి అలాగే అంటావమ్మా’ అంది. ఫోన్ లాక్కుంటే మాట్లాడడమే మానేస్తుందేమోనని భయం.

ఈ వయసు ఆడపిల్లలున్న తల్లిదండ్రులు, టీచర్లు దయచేసి చెప్పండి. మీరు మాట ఎలా మొదలుపెట్టారు? ఫోన్‌లో ఇలాంటి ప్రకటనలు తగ్గించే సెట్టింగ్ ఏదైనా మీకు పనిచేసిందా? కౌన్సిలర్‌కు చూపించాలంటారా?