అమెరికా కాలేజీ కుస్తీలో కాన్ఫరెన్స్ అంటే ఏంటి? ఆ వీడియోలు మన ట్రయల్స్‌కి పనికొస్తాయా?

భీమవరం మ్యాట్:
మాస్టార్లందరికీ నమస్కారం. ఇక్కడ డిగ్రీ కుర్రాళ్ళూ, ఇంజినీరింగ్ కుర్రాళ్ళూ ఒకే మ్యాట్ మీద సాధన చేస్తున్నారు. అందరూ అమెరికా కాలేజీ కుస్తీ వీడియోలు తెగ చూస్తున్నారు. అందులో కాన్ఫరెన్స్ అనీ, బిగ్ టెన్, ఈఐడబ్ల్యూఏ అనీ వినబడతాయి. అవి మన ఇంటర్ కాలేజియేట్ లాంటివేనా? ఎలా మొదలయ్యాయి? అసలు సందేహం మాత్రం ఇదండి: ఆ పట్లు నేర్చుకుంటే మన ఫ్రీస్టైల్ ట్రయల్స్‌కి అక్కరకొస్తాయా, ఉన్న ఆట చెడుతుందా?

పాత గోదా:
కాదండి, మన ఇంటర్ కాలేజియేట్ వేరు. మన దగ్గర పై పోటీకి వెళ్ళే జట్టు యూనివర్సిటీది. మీ డిగ్రీ కుర్రాడు ఆదికవి నన్నయ తరఫున, ఇంజినీరింగ్ కుర్రాడు జేఎన్‌టీయూ కాకినాడ తరఫున ఆడాలి. రోజూ ఒకే మ్యాట్ మీద పడ్డా, అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో ఎదురెదురు నిలబడొచ్చు. అక్కడ ఒక్కో విద్యాసంస్థకీ సొంత జట్టు ఉంటుంది. అలాంటి సంస్థలు కొన్ని కలిసి కట్టుకున్నదే కాన్ఫరెన్స్. మీరు విన్న బిగ్ టెన్ అలాంటిదే, పెద్దది.

కుస్తీలో వాటన్నిటికంటే పాతది ఈఐడబ్ల్యూఏ (ఈస్టర్న్ ఇంటర్‌కాలేజియేట్ రెజ్లింగ్ అసోసియేషన్). 1905లో కొలంబియా, పెన్సిల్వేనియా, ప్రిన్స్‌టన్, యేల్ కలిసి మొదలుపెట్టాయి. మొదటి ఏడాది యేల్ గెలిచింది. అక్కడి కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ జాతీయ పోటీ 1928లో గానీ రాలేదు. అంటే జాతీయ పోటీకి 23 ఏళ్ళ ముందే కాన్ఫరెన్స్ పోటీ ఉంది. అందుకే అక్కడివాళ్ళకి దానిమీద అంత పట్టింపు.

ఇప్పుడు కాన్ఫరెన్స్ అంటే జాతీయ పోటీకి గుమ్మం. పై అంచె అయిన డివిజన్ 1 జాతీయ పోటీలో 10 బరువు విభాగాలు, ఒక్కోదానిలో 33 మంది, మొత్తం 330 మంది. ఆ సీజన్ ఫలితాలు చూసి, ఏ కాన్ఫరెన్స్‌కి ఏ బరువులో ఎన్ని స్థానాలో ముందే లెక్క కడతారు. కాన్ఫరెన్స్ పోటీలో ఆ స్థానాల్లోపు నిలిచినవాడు నేరుగా వెళ్తాడు. మిగిలిన కొద్ది ఖాళీలని కమిటీ నింపుతుంది. బిగ్ టెన్‌లో ఏడో స్థానం వచ్చినవాడు కూడా వెళ్ళి, చిన్న కాన్ఫరెన్స్‌లో రెండోవాడు ఇంట్లో ఉండిపోవడం అందుకే.

ఇంకో మాట, నాకు బాధ కలిగించేది. ఐవీ లీగ్ అనే పాత విశ్వవిద్యాలయాల కూటమిలో కుస్తీ జట్లున్న ఆరు విద్యాసంస్థలూ 2025 నుంచి సొంత పోటీ పెట్టుకుని ఈఐడబ్ల్యూఏ నుంచి బయటికొచ్చేశాయి. యేల్ అంతకు చాలా ముందే అధికారిక కుస్తీ జట్టుని తీసేసింది. అలా పునాది వేసిన నాలుగింటిలో ఒక్కటి కూడా ఇప్పుడు అందులో లేదు.

కాకినాడ కోచ్:
మీ అసలు సందేహానికి నేను చెప్తాను సార్. నిలబడి ఆడే ఆట నిశ్చింతగా నేర్పించండి. చేతుల పోరు, సింగిల్ లెగ్ (ఒక కాలు పట్టి పడేయడం), కాలు దొరికాక వదలకుండా ముగించడం, వీటిలో వాళ్ళని మించినవాళ్ళు తక్కువ. మ్యాట్ మీద పడ్డాక ఆడే ఆట దగ్గరే జాగ్రత్త.

వాళ్ళది ఫోక్‌స్టైల్ అనే అమెరికా కాలేజీ పద్ధతి. అందులో కింద ఉన్నవాడు తప్పించుకుంటే 1 పాయింటు, తిరగబడి పైకొస్తే 2. పైవాడు అదిమిపట్టిన సమయం ఎదుటివాడికంటే నిమిషం ఎక్కువుంటే 1. టేక్‌డౌన్ (నిలబడ్డవాడిని పడేసి అదుపులోకి తెచ్చుకోవడం) 2023-24 సీజన్ నుంచి 3 అయింది. మన ట్రయల్స్ నడిచే ఫ్రీస్టైల్‌లో టేక్‌డౌన్ 2, తప్పించుకుంటే ఏమీ లేదు, ఊరికే అదిమిపెట్టి కూర్చుంటే రెఫరీ లేపేస్తాడు.

దెబ్బతినేది మూడు చోట్ల. కిందవాడు భుజం మీదుగా దొర్లి తప్పించుకునే గ్రాన్‌బీ రోల్ వాళ్ళకి మంచి ఎత్తు. మనకి మాత్రం ఆ దొర్లడంలో వీపు మ్యాట్‌వైపు తిరిగిందంటే ఎదుటివాడికి ఊరికే 2 పాయింట్లు. రెండోది, వెనక మనిషి ఉండగా వీపు అప్పగించి లేచి నిలబడటం. ఫ్రీస్టైల్‌లో అక్కడే ఎత్తి పడేస్తే 4 పోతాయి. మూడోది అంచు. ఇక్కడ వలయం బయట కాలు పడితే 1 పోతుంది, అక్కడ అలా పాయింటు ఇవ్వరు. అందుకే ఆ వీడియోలు చూసి పెరిగిన కుర్రాడు అంచున వెనక్కి వెనక్కి నడుస్తుంటాడు.

అమ్మాయిల కాలేజీ పోటీలు మాత్రం అక్కడా ఫ్రీస్టైల్ నియమాలతోనే నడుస్తాయి. ఆ వీడియోలు ఉన్నవి ఉన్నట్టు చూపించొచ్చు, అబ్బాయిలకి కూడా.

భీమవరం మ్యాట్:
కళ్ళు తెరిపించారు మాస్టారూ. కింద పడ్డవాడి నడుము పట్టి దొర్లించే గట్ రెంచ్ వాటిలో ఎక్కడా కనబడదేంటండి?

కాకినాడ కోచ్:
ఫోక్‌స్టైల్‌లో కింద పడి ఉన్నవాడి నడుము చుట్టూ రెండు చేతులూ ముడివేసి పట్టుకోకూడదు సార్, తప్పు కింద పాయింటు పోతుంది. చేతులు ముడివెయ్యకుండా గట్ రెంచ్ లేదు. అది విడిగా నేర్పాల్సిందే.

ముడి కడుపు మెత్తటి చోట కాదు, చివరి పక్కటెముకల మీద పడాలి. అరచేతిలో అరచెయ్యి, వేళ్ళల్లో వేళ్ళు దూర్చకూడదు. ఛాతీ వాడి వీపుకి గాలి దూరనంతగా అదమాలి. తిప్పేవైపు తుంటిని వాడి తుంటి కిందకి దూర్చి, కాలి మునివేళ్ళ మీద లేచి, వంతెనలా విరిచి తిప్పాలి. చేతులతో లాగేవాడికి రాదు. ఎక్కువమంది చేసే పొరపాటు, ముడి పూర్తిగా బిగించకుండానే తిప్పబోవడం. వాడు మోచెయ్యి దూర్చి జారిపోతాడు. కింద ఉన్నప్పుడు తుంటి మ్యాట్‌కి అతికించి, మోచేతులు పక్కలకి బిగించాలి; వాడు తిప్పబోతే అటువైపు చెయ్యి బయటికి చాపాలి.

కోనసీమ కుస్తీ:
బరువు సంగతి ఎవరూ చెప్పలేదు. 1997 చివర్లో సుమారు నెల రోజుల వ్యవధిలో ముగ్గురు అమెరికా కాలేజీ మల్లులు బరువు తగ్గే తొందరలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆవిరి గది, రబ్బరు సూటు అక్కడ నిషేధించింది అప్పుడే. 118 పౌండ్ల విభాగం 125 అయింది, పైవన్నీ అలాగే జరిగాయి. ఒంట్లో నీరు చూసే పరీక్ష వచ్చింది, వారానికి ఒంటి బరువులో 1.5 శాతం మించి తగ్గకూడదన్నారు. 60 కిలోల కుర్రాడికి అది 900 గ్రాములు.

మన డెల్టాలో ఇది ఇంకా కచ్చితంగా పాటించాలండి. ఇక్కడి గాలి తేమకి చెమట కారుతుంది గానీ ఆరదు. ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అలాంటి చోట రబ్బరు సూటు వేసి పరిగెత్తిస్తే కుర్రాడిని చేతులారా చంపుకున్నట్టే.

వానాకాలం తామర కూడా చూసుకోండి. సాధన అయ్యాక రోజూ లీటరు నీళ్ళకి 10 మిల్లీలీటర్ల బ్లీచ్ ద్రావణం కలిపి మ్యాట్ తుడిచి, 10 నిమిషాలు తడిగానే వదిలేసి, తర్వాత మంచినీళ్ళతో తుడవండి. ద్రావణం ఏ రోజుకారోజు కలపాలి. వారానికోసారి మ్యాట్ ముక్కలు లేపి గోడకి నిలబెట్టండి, గచ్చు చెమ్మ అడుగునే పట్టి బూజు కడుతుంది. మచ్చ గుండ్రంగా, అంచు ఎర్రగా కనబడితే ఆ కుర్రాడిని మ్యాట్ ఎక్కనివ్వకండి, డాక్టరు సరే అనేదాకా.