సాల్వెన్సీ నిష్పత్తి 1.5 ఉండాలంటే బీమా కంపెనీ దగ్గర ఎంత మూలధనం ఉండాలి?

ప్రశ్న: సాధారణ బీమా కంపెనీ పెట్టడానికి 100 కోట్ల పెయిడప్ మూలధనం (వాటాదారులు చెల్లించిన సొమ్ము) చాలునని చట్టం చెబుతోంది. అలాంటప్పుడు బాగా వ్యాపారం చేస్తున్న కంపెనీలు కూడా ఏటా కొత్త మూలధనం కోసం ఎందుకు వెతుకుతున్నాయి? బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన 1.5 సాల్వెన్సీ నిష్పత్తికీ దీనికీ సంబంధం ఏమిటో ఎవరైనా వివరించగలరా?

మొదటి సమాధానం: ఆ 100 కోట్లు వ్యాపారంలోకి అడుగుపెట్టడానికి మాత్రమే, ఆ తరువాత ఎంత ఉంచాలన్నది వ్యాపార పరిమాణమే నిర్ణయిస్తుంది. స్థూలంగా చెప్పాలంటే, రీఇన్సూరెన్స్ (నష్టభయంలో కొంత భాగాన్ని మరో బీమా సంస్థకు అప్పగించడం) సర్దుబాట్ల తరువాత మిగిలే ప్రీమియంలో 20 శాతం, క్లెయిములలో 30 శాతం లెక్కగట్టి, రెండింటిలో ఎక్కువైనదాన్ని అవసరమైన సాల్వెన్సీ మార్జిన్‌గా తీసుకుంటారు. కంపెనీ మిగులు ఆస్తులు ఈ మార్జిన్‌కు ఎన్ని రెట్లు ఉన్నాయో చెప్పేదే సాల్వెన్సీ నిష్పత్తి. నికర ప్రీమియం 1,000 కోట్లు, క్లెయిములు 800 కోట్లు అనుకుందాం. అప్పుడు మార్జిన్ 240 కోట్లు అవుతుంది కాబట్టి, అప్పులూ బాధ్యతలూ పోను కంపెనీకి కనీసం దానికి 1.5 రెట్లు, అంటే 360 కోట్ల మిగులు ఆస్తులు ఉండాలి. క్లెయిములు ప్రీమియంలో మూడింట రెండు వంతులు దాటితే క్లెయిముల లెక్కే వర్తిస్తుంది. అంటే నష్టాలు పెరిగి మిగులు కరిగిపోతున్న సమయంలోనే అవసరం కూడా పెరుగుతుంది. వేగంగా ఎదిగే ఆరోగ్య బీమా కంపెనీలకు నిధుల దాహం తీరకపోవడానికి ఇదే ప్రధాన కారణమని నా అభిప్రాయం.

రెండవ సమాధానం: పై వివరణకు ఒక విషయం జోడిస్తాను. పుస్తకాలలో కనిపించే ప్రతి ఆస్తినీ ఈ లెక్కలోకి రానివ్వరు. ఫర్నిచర్‌కూ, ఏజెంట్ల నుంచి 30 రోజులు దాటినా వసూలు కాని బకాయిలకూ విలువ సున్నా. ప్రభుత్వ రంగ బీమా కంపెనీలైన నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా సంస్థల నిష్పత్తి 1.5 కంటే దిగజారినప్పుడు కేంద్ర ప్రభుత్వం 2019-20 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాలలో కలిపి 17,450 కోట్లు సమకూర్చింది. ప్రైవేటు కంపెనీకి అటువంటి అండ ఉండదు కాబట్టి, లాభాన్ని డివిడెండుగా పంచకుండా నిలుపుకోవాలి, పరిమితికి లోబడి సబార్డినేటెడ్ డెట్ (ఇతర బాకీలన్నీ తీరాకే తిరిగి చెల్లించే అప్పు) తీసుకోవాలి, లేదా రీఇన్సూరెన్స్ పెంచాలి.

మూడవ సమాధానం: ఈ పద్ధతిలో ఒక లోపం నన్ను కలవరపెడుతోంది. ప్రభుత్వ బాండ్లలో పెట్టిన కంపెనీకీ, షేర్లలో ఎక్కువగా పెట్టిన కంపెనీకీ మార్జిన్ ఒకే సూత్రంతో వస్తుంది. ఐరోపాలో 2016 జనవరి నుంచి అమలవుతున్న సాల్వెన్సీ 2 అనే నిబంధనలలో మార్కెట్ ఒడుదొడుకులనూ లెక్కించి, ఏడాది కాలంలో 99.5 శాతం సంభావ్యతతో నష్టాలను తట్టుకోగల మూలధనం ఉంచమంటారు. మన దేశంలోనూ నష్టభయం ఆధారంగా మూలధనాన్ని నిర్ణయించే పద్ధతికి కసరత్తు సాగుతోంది. అది వచ్చేవరకు పాలసీదారులు ఒక్క త్రైమాసికపు నిష్పత్తిని చూసి తృప్తిపడకుండా, కంపెనీ వెబ్‌సైటులోని పబ్లిక్ డిస్‌క్లోజర్లలో రెండు మూడేళ్ల నిష్పత్తులనూ, పెట్టుబడుల వివరాలనూ పక్కపక్కన పెట్టి చూడాలని కోరుతున్నాను.