ఫాస్ఫేట్ డిటర్జెంట్లు నిషేధిస్తే చెరువులు బాగుపడతాయా?

గట్టుమనిషి:
2015లో బెంగళూరు బెళ్లందూరు చెరువు నురగ గాలికి లేచి రోడ్డెక్కింది, మంటలు కూడా అంటుకున్నాయి. మన హైదరాబాద్ ధరణి నగర్‌లో గట్టి వాన పడితే నాలా నురగ ఇళ్ల దాకా వస్తుంది. ఇంకా ఫాస్ఫేట్ ఉన్న సబ్బుపొడులు అమ్మనివ్వడమేంటి? యూరప్‌లో బట్టల డిటర్జెంట్లకి 2013లోనే కళ్లెం వేశారు.

ల్యాబ్‌కోటు:
మీరు దొంగను వదిలేసి పక్కవాణ్ణి పట్టుకున్నారు సార్. నురగ తెచ్చేది ఫాస్ఫేట్ కాదు, సర్ఫాక్టెంట్, అంటే సబ్బుపొడిలో మురికి వదిలించే పదార్థం. బోరు ఉప్పునీళ్లలో కూడా పొడి పనిచెయ్యాలని ఫాస్ఫేట్ కలుపుతారు, అంతే. పాతకాలం సర్ఫాక్టెంట్‌ని బ్యాక్టీరియా సరిగ్గా తినలేకపోయేది, 1960ల్లో అమెరికాలో దాన్ని మార్చారు. ఇప్పటిది తినేస్తుంది, కానీ ఆక్సిజన్ ఉండాలి. మురుగుతో నల్లబడ్డ చెరువులో ఆక్సిజన్ ఎక్కడిది? ముందు మురుగు శుద్ధి చెయ్యండి.

రేవుబుడత:
బ్యాక్టీరియా తినేలోపు చేపల గతేంటి? లీటరు నీళ్లలో కొన్ని మిల్లీగ్రాముల సర్ఫాక్టెంట్ చాలు, మొప్పల మీద జిగురు పొర పోయి ఊపిరాడదు. మా ఊరి రేవులో నీళ్ల మీద పరిగెత్తే సన్నకాళ్ల పురుగులుండేవి. బట్టలుతికిన నీళ్లు అటు పారితే చాలు, కాళ్ల కింద నీటి పొర పట్టు తప్పి, గింజుకుని మునిగేవి. చిన్నప్పుడు అదో ఆట మాకు.

కుంకుడురసం:
అందుకే అంటాను, కుంకుడుకాయలకి మారిపోండి. మా అమ్మమ్మ పట్టుచీరలు వాటితోనే ఉతికేది.

రొయ్యలచెరువు:
అక్కా, తలంటుకి ఓకే. రొయ్యపిల్లలు వదిలే ముందు చెరువులో పనికిరాని చేపల్ని చంపడానికి మేం టీ సీడ్ కేక్ (టీ జాతి గింజల నూనె తీశాక మిగిలే చెక్క) చల్లుతాం. చేపల్ని చంపేది అందులోని సపోనిన్. మీ కుంకుడు నురగా సపోనినే! రొయ్యకి ఆ మోతాదులో ఏం కాదు, చేపకి మాత్రం నూకలు చెల్లినట్టే.

కుంకుడురసం:
అది కొద్దిరోజుల్లో విరిగిపోతుంది కదా తమ్ముడూ.

రొయ్యలచెరువు:
విరుగుతుంది. ఊరంతా రోజూ పోస్తుంటే ఎన్నిసార్లని విరుగుతుంది?

గట్టుమనిషి:
నురగ విషయంలో నాదే పొరపాటు, ఒప్పుకుంటున్నా. ఫాస్ఫేట్ మీద మాత్రం తగ్గను. 1973లో కెనడాలో 226వ నంబరు సరస్సుకి మధ్యలో తెర కట్టారు. రెండు పక్కలా కార్బన్, నైట్రోజన్ వేసి, ఒక పక్క మాత్రమే ఫాస్ఫరస్ (ఫాస్ఫేట్‌లో ఉండేది అదే) కలిపారు. ఆ పక్కే నాచుతో పచ్చగా మారింది. ఆ నాచు చచ్చి కుళ్లేటప్పుడే నీళ్లలో ఆక్సిజన్ అయిపోయి చేపలు తేలతాయి. పైగా మామూలు శుద్ధి కేంద్రం ఫాస్ఫరస్‌ని చాలావరకు అలాగే బయటికి వదిలేస్తుంది. అందుకే పొడిలోనే ఆపాలంటున్నా.

ల్యాబ్‌కోటు:
ఆపండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఫాస్ఫరస్ మన మూత్రంలోనూ ఉంది సార్, దాన్ని ఏ జీవోతో ఆపుతారు?