ఎక్స్‌పాట్రియేట్ అంటే మనమేనా?

పర్లాకిమిడి తమ్ముడు: అన్నలూ, అక్కలూ, వెల్డర్ పనికి సౌదీలోని దమ్మామ్ వచ్చి వారమైంది. కంపెనీ ఫారంలో ‘ఎక్స్‌పాట్రియేట్’ దగ్గర టిక్ పెట్టమన్నారు. రూములో ఒకాయన అది ఇంజనీర్లకట, మనం లేబరంటాడు. పాస్‌పోర్టులో చూస్తే ‘ఎమిగ్రేషన్ చెక్’ అని ఉంది. టెన్షన్‌గా ఉంది.

బరంపురం అన్న: టిక్ పెట్టెయ్ తమ్ముడూ. లాటిన్‌లో ఎక్స్ అంటే బయటికి, పాట్రియా అంటే సొంత దేశం. జీతం ఎంతన్నది ఆ మాటలో ఎక్కడా లేదు. సూటువాడికి ఒక పేరు, హెల్మెట్‌వాడికి ఒక పేరు పెట్టింది జనమే.

ఎమిగ్రేషన్ వేరే సంగతి. విడిచిన దేశం వైపు నుంచి చూస్తే ఎమిగ్రేషన్, చేరిన దేశం వైపు నుంచి చూస్తే ఇమిగ్రేషన్. నీ పాస్‌పోర్టులో ఉన్నది మన ప్రభుత్వం మాట. 1983 నాటి చట్టం ప్రకారం, పది పాసవ్వనివాళ్లు సౌదీతో కలిపి 18 దేశాలకు పనికెళ్లాలంటే ముందు క్లియరెన్స్ తీసుకోవాలి. చిన్నబుచ్చుకోకు. దాంతోపాటే ప్రవాసీ భారతీయ బీమా చేయిస్తారు. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా పని చేయలేని స్థితి వచ్చినా 10 లక్షలు. ఆ కాగితం ఏజెంటు దగ్గరే ఉండిపోతే గట్టిగా అడిగి తీసుకో, ఫొటో ఇంటికి పంపు.

ఇక మన మాటలు. ప్రవాసం సంస్కృతం, ఇల్లు విడిచి దూరాన ఉండటం. పీటల మీద కూర్చోబెట్టే మాట అది, సభలకు బాగుంటుంది. నాకు వలసే ఇష్టం. కోరాపుట్, జయపురం రైలెక్కేవాళ్లకు కొత్తవలస జంక్షన్ తెలుసుగా? విజయనగరం, శ్రీకాకుళం వైపు ఇలా ‘వలస’తో ముగిసే ఊళ్లు బోలెడు. ఎక్కడినుంచో వచ్చి దిగినవాళ్ల ఊళ్లన్నమాట. తరాలు గడిచినా అది కొత్తవలసే! కూలికి వెళ్లడమూ వలసే, తెల్లవాడి ఏలుబడీ వలస పాలనే, అదీ తమాషా. అంతెందుకు, మీ ఊళ్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక రాజమండ్రి వలస వెళ్లారు. ఆయన్ని ఎవరైనా లేబరన్నారా?

గునుపురం అక్క: పేర్ల సంగతి అన్న చెప్పాడు, అసలు పని నేను చెప్తా. అక్కడ నిన్ను నిలబెట్టేది ఇకామా, అంటే ఆ దేశంలో ఉండటానికిచ్చే అనుమతి కార్డు. అరబీలో ఉండటమనే అర్థం. కార్డు చేతికొచ్చాక అందులో వృత్తి ఏమని రాశారో అరబీ చదివేవాళ్లకు చూపించు. ఒప్పందంలో వెల్డర్, కార్డులో ఇంకోటి ఉంటే తర్వాత తిప్పలు. పాస్‌పోర్టు మా దగ్గరే పెట్టుకుంటామని కంపెనీవాళ్లంటే ఇవ్వకు నాన్నా, అది అక్కడి చట్టానికే విరుద్ధం.