కాలేజీలో స్టూడెంట్ మీడియా బాధ్యత నాకిచ్చారు, ఎంతవరకు జోక్యం చేసుకోవాలి?

ప్రశ్న (డిగ్రీ కాలేజీ లెక్చరర్)

అందరికీ నమస్కారం. నేను ఒక ప్రైవేట్ డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్తాను. జూన్‌లో ప్రిన్సిపల్ గారు పిలిచి "మేడమ్, ఈ ఏడాది నుంచి పిల్లల మీడియా అంతా మీరే చూసుకోవాలి" అన్నారు, అంతే, ఆర్డర్ కాపీ లేదు, ఏం చూసుకోవాలో చెప్పలేదు. మాకు నెలకోసారి వచ్చే ఎనిమిది పేజీల పత్రిక ఉంది, యూట్యూబ్ ఛానల్ ఉంది, ఒక ఇన్‌స్టా పేజీ కూడా ఉంది. వచ్చే ఏడాది క్యాంపస్ రేడియో పెడదాం అని మేనేజ్‌మెంట్ వాళ్ళు అంటున్నారు.

ఇప్పుడొచ్చిన చిక్కు ఏంటంటే పిల్లలు హాస్టల్ మెస్ మీద ఒక స్టోరీ రాశారు, సాంబారులో పురుగు ఉన్న ఫోటో పెట్టారు, నలుగురు హాస్టల్ పిల్లలు చెప్పిన మాటలు రాశారు, అంతా బానే ఉంది, చివర్లో మాత్రం "వార్డెన్‌కి కాంట్రాక్టర్ దగ్గర్నుంచి కమీషన్ ముడుతోంది" అని ఒక లైను ఉంది. ప్రిన్సిపల్ గారు స్టోరీ మొత్తం తీసేయమంటున్నారు. పిల్లలేమో ఒక్క అక్షరం మారినా మేం పత్రిక మానేస్తాం అంటున్నారు. బుధవారం ప్రెస్‌కి వెళ్ళాలి. అసలు ప్రతి పేజీ నేను చదివి సంతకం పెట్టాలా? ఇంకో సంగతి, ఛానల్ పాస్‌వర్డ్ పోయినేడు పాసైపోయిన అబ్బాయి దగ్గర ఉందట, అతను ఫోన్ ఎత్తట్లేదు. అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.

జవాబు 1 (పదకొండేళ్లు కాలేజీ పత్రిక చూసిన రిటైర్డ్ లెక్చరర్)

అమ్మా, ముందు బుధవారం సంగతి తేల్చుకుందాం, మిగతాది తర్వాత.

ఆ స్టోరీ మొత్తాన్ని ఒకే ముద్దగా చూస్తున్నారు కాబట్టి గొడవ అవుతోంది, అందులో మూడు వేరువేరు సంగతులున్నాయి. ఒకటి ఫోటో. అది ఎవరు తీశారు, ఏ రోజు, ఏ పూట, ఒరిజినల్ ఆ పిల్లాడి ఫోన్‌లోనే ఉందా అని అడగండి, వాట్సాప్‌లో పది చేతులు మారి వచ్చిన ఫోటో అయితే తీసిన తేదీ వివరాలు అందులో ఉండవు, రేపు ఎవరైనా "ఇది మా మెస్ కాదు" అంటే మీ దగ్గర మాట ఉండదు. రెండోది పిల్లలు చెప్పిన మాటలు. రిపోర్టర్ నోట్‌బుక్‌లో రాసుకున్నాడా, ఆ నలుగురికీ తమ మాటలు ప్రింట్ అవుతాయని తెలుసా, అది చూడాలి. మూడోది కమీషన్ లైను. దానికి ఆధారం ఏంటని అడగండి, "అందరూ అనుకుంటున్నారు సార్" అంటారు చూడండి, నాకు పదకొండేళ్లూ అదే జవాబు వచ్చింది. అది ఆధారం కాదు. ఆ ఒక్క లైను తీసేయాల్సిందే, ఇందులో మొహమాటం వద్దు. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన నేర చట్టం) 356వ సెక్షన్ పరువునష్టం గురించి, రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు, సమాజ సేవ చేయమని కూడా అనొచ్చు. చాలామంది "నిజం రాస్తే తప్పేంటి" అంటారు గానీ చట్టంలో ఆ మినహాయింపు దొరకాలంటే రాసింది నిజం అయ్యుండాలి, పదిమంది మేలు కోసం రాసిందై కూడా ఉండాలి, రెండూ కలవాలి. ఇక్కడ మొదటిదే లేదు కదా.

కానీ ఆ లైను కోసం స్టోరీ మొత్తం తీసేయడం అన్యాయం. వార్డెన్ గారికీ కాంట్రాక్టర్‌కీ నాలుగైదు ప్రశ్నలు కాగితం మీద రాసి ఇప్పించండి, సోమవారం సాయంత్రం లోపల చెప్పమనండి. చెప్తే వాళ్ళ మాట కూడా వేయండి, చెప్పకపోతే "అడిగాం, పత్రిక ప్రెస్‌కి వెళ్ళే సమయానికి సమాధానం రాలేదు" అని వేయండి. ఈ పని చేశాక ప్రిన్సిపల్ గారి దగ్గరికి మీరు ఒక్కరే వెళ్ళకండి, స్టూడెంట్ ఎడిటర్‌ని తీసుకెళ్ళండి, ఆ అమ్మాయే చెప్పాలి ఏం తీశాం, ఏం ఉంచాం, ఎందుకు ఉంచాం అని.

నా దగ్గర జరిగింది చెప్తాను. ఒకసారి ఒక కుర్రాడు హాస్టల్ మంచినీళ్ల ట్యాంకు మీద రాసుకొచ్చాడు, నిండా తిట్లే, "నిర్లక్ష్యానికి పరాకాష్ట", "దారుణం" ఇవే మాటలు. నువ్వు ట్యాంకు ఎక్కి చూశావా అన్నాను. లేదన్నాడు. వాచ్‌మన్‌ని తోడు తీసుకుని డాబా ఎక్కించాను. ట్యాంకు పక్కన నీలం రంగుతో "శుభ్రపరచిన తేది" అని రాసి ఉంది, దాని కింద తేదీ పధ్నాలుగు నెలల కిందటిది, రంగు సగం పెచ్చులూడి పోయింది, ఆ ఫోటో తీసుకుని దిగాడు. తిట్లన్నీ వాడే కొట్టేసుకున్నాడు. ఆ తేదీ ఫోటో, దాని కింద ఆరు లైన్లు, అంతే వేశాం. వారం తిరక్కుండా ట్యాంకు కడిగారు, నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు, అనడానికి ఏముంది, ఆ తేదీ రాసింది వాళ్ళే.

ఇక సంతకం సంగతి. పెట్టొద్దు. మీరు ప్రతి పేజీ మీద సంతకం పెట్టడం మొదలుపెట్టిన రోజు నుంచి పిల్లలు సరిచూసుకోవడం మానేస్తారు, ఎలాగూ మేడమ్ చూస్తారుగా అని. మేనేజ్‌మెంట్ వాళ్ళకి కూడా ఎవరి మీద ఒత్తిడి పెట్టాలో తెలిసిపోతుంది. దాని బదులు ఒక్క పేజీ నియమావళి రాసుకోండి, ఏడాది మొదట్లో గొడవలేమీ లేనప్పుడు రాసుకోవాలి, గొడవ వచ్చాక రాస్తే ఎవరూ ఒప్పుకోరు. ఏం వేయాలో నిర్ణయం స్టూడెంట్ ఎడిటర్లదే అని అందులో ఉండాలి. ఎవరి పేరైనా పెట్టి ఆరోపణ చేస్తున్నప్పుడు, లైంగిక వేధింపులు, ర్యాగింగ్, ఆత్మహత్య లాంటివి వచ్చినప్పుడు మాత్రం ముందుగా మీకు చూపించాలి అని ఉండాలి. ఏదైనా ఆపాలంటే కారణం కాగితం మీద రాసి ఇవ్వాలి, "కాలేజీ పేరు పోతుంది" అన్నది కారణం కింద లెక్కలోకి రాదు అని కూడా రాయించుకోండి. దీని మీద ప్రిన్సిపల్ గారి సంతకం తీసుకోండి, సంతకం కావాల్సింది అక్కడ.

అయితే పిల్లలకి అబద్ధం చెప్పకండమ్మా. మన దగ్గర పత్రిక కాలేజీ పేరుతో, కాలేజీ డబ్బుతో వస్తుంది కాబట్టి "మీకు పూర్తి స్వేచ్ఛ" అని ఊరించి రేపు చేతులెత్తేస్తే ఆ పిల్లలు మళ్ళీ ఎవర్నీ నమ్మరు. ఎంత ఉందో అంతే చెప్పండి, ఆ ఉన్నదాని కోసం మాత్రం మీరు గట్టిగా నిలబడండి.

జవాబు 2 (లా చదివి జర్నలిజం క్లాసులు చెప్పేవాడిని)

సార్ చెప్పినదానికి కొంచెం కలుపుతాను. మేడమ్, మీరు ఎడిటింగ్‌లో వేలు పెట్టకపోయినా పర్లేదు గానీ పేర్ల విషయంలో మాత్రం కాపలా ఉండాల్సిందే. లైంగిక నేరాల బాధితుల పేరు గానీ, వాళ్ళని గుర్తుపట్టేలా చేసే వివరం గానీ వేయడం నేరం, న్యాయ సంహిత 72వ సెక్షన్. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ళయితే పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇంకా గట్టిగా ఉంటుంది, పేరే కాదు, ఊరు, కుటుంబం, చదివే చోటు ఏదీ బయటపెట్టకూడదు, మీ ఫస్టియర్‌లో పదిహేడేళ్ల పిల్లలు ఉంటారు గుర్తుపెట్టుకోండి. లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే కాలేజీ అంతర్గత కమిటీ దగ్గరికి వెళ్ళిన ఫిర్యాదు అయితే, పనిచేసే చోట మహిళల మీద లైంగిక వేధింపుల గురించిన 2013 చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదులో ఏముందో, విచారణలో ఏం జరిగిందో కూడా పబ్లిష్ చేయకూడదు. పిల్లలు పేరు మార్చాం కదా సార్ అంటారు, కానీ "సెకండ్ బీకాం, తెనాలి నుంచి వచ్చే అమ్మాయి" అని రాస్తే క్యాంపస్ మొత్తానికీ తెలిసిపోతుంది కదా. చిన్న కాలేజీలో పేరు దాచడం అంటే పేరొక్కటే దాచడం కాదు.

ఆత్మహత్య వార్తల మీద ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది, ఏ పద్ధతిలో చనిపోయారో రాయొద్దు, పెద్దక్షరాల హెడ్డింగులు పెట్టొద్దు, హెల్ప్‌లైన్ నంబర్ ఇవ్వాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, అది పత్రికలో ఒక మూల ప్రతి నెలా పడినా మంచిదే.

ఇంకోటి, 1867 నాటి పాత ప్రెస్ చట్టం పోయి 2023లో కొత్త చట్టం వచ్చింది, 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. మీ పత్రిక క్యాంపస్ లోపలే తిరుగుతోందా, బయట అమ్ముతున్నారా, ఊరి వార్తలు కూడా వేస్తున్నారా అన్నదాన్ని బట్టి రిజిస్ట్రేషన్ అవసరమా కాదా అన్నది ఉంటుంది, కాలేజీ లాయర్‌ని ఒకసారి అడిగి పెట్టుకోండి.

జవాబు 3 (కాలేజీలో ఛానల్ నడిపిన పాత స్టూడెంట్‌ని)

మేడమ్ పాస్‌వర్డ్ సంగతి నేను చెప్తా, ఎందుకంటే ఫోన్ ఎత్తని ఆ అబ్బాయి స్థానంలో ఒకప్పుడు నేనే ఉన్నా. ఛానల్ నా సొంత జీమెయిల్ మీద ఓపెన్ చేశాం, ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్ళిపోయా, జూనియర్స్ లాగిన్ అవుదామన్నప్పుడల్లా ఓటీపీ నాకు వచ్చేది, నేను ఆఫీస్‌లో ఉండి చూసుకునేవాణ్ణి కాదు, వాళ్ళు ఫెస్ట్ వీడియోలు మూడు నెలలు ఎక్కించలేకపోయారు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అతని మీద కోపం వద్దు, క్లాస్‌మేట్స్ ద్వారా కబురు పంపండి, "నీ మీద కంప్లైంట్ ఏమీ లేదు, పది నిమిషాల పని" అని చెప్పించండి, భయపడి ఎత్తట్లేదేమో.

దొరికాక పాస్‌వర్డ్ అడగకండి, అది అతని సొంత మెయిల్. ఛానల్ బ్రాండ్ అకౌంట్ (ఒకరికంటే ఎక్కువమంది తమ తమ మెయిల్స్‌తో నడపగలిగే అకౌంట్) మీద ఉంటే కాలేజీ డొమైన్ మెయిల్‌ని ఓనర్‌గా యాడ్ చేయించండి, వెంటనే ప్రైమరీ ఓనర్‌గా మార్చడం కుదరదు, ఏడు రోజులు ఆగాలి, అందుకని వారం తర్వాత ఇంకోసారి అతను లాగిన్ అవ్వాల్సొస్తుంది, ఆ మాట ముందే చెప్పండి. పిల్లలకి మేనేజర్ లేదా ఎడిటర్ యాక్సెస్ చాలు. ఇన్‌స్టాకి ఎవరి సిమ్ నంబర్ లింకైందో కూడా చూడండి. ప్రతి ఏప్రిల్‌లో పాత టీమ్ కొత్త టీమ్‌కి అప్పజెప్పేటప్పుడు మీరు పక్కన కూర్చోండి.

సినిమా పాటలు కూడా చూసుకోవాలి. కాలేజీ డేలో పిల్లలు డాన్స్ చేస్తే కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది, చూసేవాళ్ళు స్టాఫ్, స్టూడెంట్స్, పేరెంట్స్ అయినంతవరకే. అదే వీడియో యూట్యూబ్‌లో పెడితే ఆ మినహాయింపు పనికిరాదు. పాట హక్కుదారు నుంచి క్లెయిమ్ వస్తే యాడ్ డబ్బులు పోతాయి, అంతవరకే అయితే సరే, కానీ 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైక్‌లు (యూట్యూబ్ వేసే హెచ్చరికలు) పడితే ఛానలే పోతుంది.

జవాబు 4 (క్యాంపస్ రేడియోలో వలంటీర్‌గా చేశాను)

రేడియో అంటున్నారు కాబట్టి ఒక మాట. మన దేశంలో మొదటి క్యాంపస్ కమ్యూనిటీ రేడియో 2004లో చెన్నైలో అన్నా యూనివర్సిటీది, మన హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ వాళ్ళ బోల్ హైదరాబాద్ 90.4 ఉంది, వీలైతే పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. పత్రికలా కాదు రేడియో, సొంతంగా వార్తలు చదవడానికి లేదు, ఆకాశవాణి వార్తల్ని మార్చకుండా రిలే చేసుకోవచ్చు అంతే. ప్రసారం అయిన ప్రతి ప్రోగ్రామ్ రికార్డింగ్ మూడు నెలలు దాచాలి. మెస్ స్టోరీ రాసే పిల్లలకి ఇది ముందే చెప్పండి, లేకపోతే లైసెన్స్ వచ్చాక నిరాశ పడతారు. పొలం పనులు, పరీక్ష ఫీజు తేదీలు, బస్సు టైమింగ్స్, ఊళ్ళోవాళ్ళ పాటలు ఇవన్నీ బ్రహ్మాండంగా చేయొచ్చు.

జవాబు 5 (అమెరికాలో ఎంఎస్, అక్కడి క్యాంపస్ పేపర్‌కి కాపీ ఎడిటింగ్ చేశాను)

మా దగ్గర అడ్వైజర్ గారు, అంటే మీలా స్టూడెంట్ పేపర్ బాధ్యత చూసేవారు, పేపర్ ప్రింట్ అయ్యాకే చదివేవారు. ఎర్ర పెన్నుతో తప్పులన్నీ గుర్తుపెట్టి న్యూస్‌రూమ్ గోడకి అంటించేవారు, ముందు మాత్రం చదివేవారు కాదు, మేమే వెళ్ళి అడిగితే తప్ప. నాకు మొదట్లో వింతగా అనిపించింది, మన కాలేజీల్లో అలవాటు లేదు కదా. అక్కడా అంతా సాఫీగా ఏం ఉండదు, 2025 అక్టోబర్‌లో ఇండియానా యూనివర్సిటీలో స్టూడెంట్ పేపర్ ప్రింట్ ఎడిషన్‌లో వార్తలు వద్దని పైనుంచి చెప్తే స్టూడెంట్ మీడియా డైరెక్టర్ ఒప్పుకోలేదు, ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు, ప్రింట్ కూడా ఆపేశారు. అప్పుడు పర్డ్యూ యూనివర్సిటీ పిల్లలు, ఆటల్లో వాళ్ళకీ వీళ్ళకీ పడదు, తమ పేపర్ ప్రత్యేక సంచిక వేసి తీసుకొచ్చి ఇండియానా క్యాంపస్‌లో పంచారు. నెలాఖరుకి ప్రింట్ మళ్ళీ వేసుకోవచ్చన్నారు. అందుకే సార్ చెప్పినట్టు ఆ ఒక్క పేజీ కాగితం మీ ఉద్యోగానికి కూడా అవసరం మేడమ్.

అడిగినవారు

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. జరిగింది చెప్తాను. కమీషన్ లైనుకి ఆధారం ఏంటమ్మా అని ఎడిటర్‌ని అడిగితే రెండు నిమిషాలు మాట్లాడలేదు, తర్వాత తనే కొట్టేసింది, నేను పెన్ను ముట్టుకోలేదు. వార్డెన్ గారు కాగితం చూసి ముందు కోప్పడ్డారు, సోమవారం రాత్రి ఆయనే పిలిచి కూరగాయల బిల్లులు చూపించారు, కాంట్రాక్టర్‌కి తను రాసిన రెండు ఫిర్యాదు లెటర్లు కూడా ఇచ్చారు, అంటే ఆయనా పోరాడుతూనే ఉన్నారు, మాకెవరికీ తెలీదు. అవి స్టోరీలో వేశాం. ప్రిన్సిపల్ గారు చదివి "ఇలా అయితే వేసుకోండి" అన్నారు. నియమావళి డ్రాఫ్ట్ ఇచ్చాను, ఇంకా సంతకం కాలేదు. ఛానల్ అబ్బాయి వాళ్ళ అమ్మగారి ఫోన్ నుంచి మాట్లాడాడు, నిన్న కాలేజీ మెయిల్‌ని ఓనర్‌గా యాడ్ చేశాడు.

ఒక డౌట్ మిగిలింది. కాంట్రాక్టర్ ఇప్పుడు నా వివరణ కూడా వేయండి అంటున్నాడు, పత్రిక వచ్చేసింది కదా, వేయాలా?

జవాబు 1

వేయాలమ్మా. వచ్చే సంచికలో, అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో. మరీ పొడుగ్గా ఉంటే తగ్గించి రాసిమ్మని ఆయన్నే అడగండి, పిల్లల్ని కోయనివ్వకండి. ప్రూఫ్ కూడా ఆయనకి ఒకసారి చూపించమనండి. నియమావళి సంతకం మాత్రం దసరా సెలవుల లోపే తీసుకోండి, సెలవుల తర్వాత ఆ ఫైలు ఎవరూ ముట్టుకోరు.