కిరాయి సైనికులు, స్వచ్ఛంద సైనికులు: ఎవరిని ఏమనాలి?

ప్రశ్న: ఉక్రెయిన్ తరఫున పోరాడే విదేశీయులను ఒకచోట కిరాయి సైనికులనీ, ఇంకోచోట వాలంటీర్లనీ రాస్తున్నారు. ఏది సరైనదండీ?

జవాబు: రెండూ ఒకటి కావండీ. తెలంగాణలో కిరాయి ఇల్లు అంటే అద్దె ఇల్లే, అందులో చెడు ఏమీ లేదు. అదే మాటను మనిషికి తగిలిస్తే కిరాయి గూండాలు, కిరాయి హంతకులు గుర్తొస్తారు. అంటే పేరు పెట్టినప్పుడే తీర్పు కూడా చెప్పేస్తున్నాం. 2022 జూన్‌లో తూర్పు ఉక్రెయిన్‌లోని దొనెత్స్క్‌లో రష్యా అనుకూల కోర్టు ఇద్దరు బ్రిటిషర్లకు, ఒక మొరాకో యువకుడికి మరణశిక్ష వేసింది. మోపిన నేరాల్లో కిరాయి సైనికులుగా పనిచేయడం ఒకటి. నిజానికి ముగ్గురూ ఉక్రెయిన్ సైన్యంలో ఒప్పందంపై చేరినవాళ్లు. సెప్టెంబరులో ఖైదీల మార్పిడి జరగబట్టి బతికి బయటపడ్డారు.

యుద్ధ నియమాలు చెప్పే 1977 నాటి జెనీవా అదనపు ఒప్పందం ప్రకారం కిరాయి సైనికుడు అనాలంటే చాలా షరతులు ఒకేసారి కలవాలి. సొంత లాభమే ముఖ్య కారణమై, అదే హోదా ఉన్న స్థానిక సైనికుడి కంటే బాగా ఎక్కువ సొమ్ము ఇస్తామని మాటిచ్చి ఉండాలి. పోరాడే దేశపు సైన్యంలో సభ్యుడై ఉండకూడదు. సైన్యంలో చేరి, ఆ యూనిఫాం వేసుకుని, అక్కడివాళ్ల జీతమే తీసుకునేవాడు ఈ లెక్కలోకి రాడు.

నాకు బాగా నచ్చే ఉదాహరణ ఈగిల్ స్క్వాడ్రన్లు. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగకముందే, 1940 నుంచి, కొందరు అమెరికన్ పైలట్లు బ్రిటన్ వాయుసేనలో చేరారు. యూనిఫాం బ్రిటన్‌దే. చేతి పైభాగాన మాత్రం గద్ద బొమ్మ, ఈ, ఎస్ అక్షరాలు ఉన్న గుర్తు కుట్టించుకునేవారు. 1942 సెప్టెంబరులో సొంత దేశపు సైన్యంలోకి మారినప్పుడు కొత్త కోటు మీద ఎడమవైపు అమెరికా పైలట్ల రెక్కల బ్యాడ్జీ, కుడివైపు బ్రిటన్ రెక్కల బ్యాడ్జీ పెట్టుకున్నారు. అమెరికా జీతం బ్రిటన్ ఇచ్చినదానికంటే బాగా ఎక్కువ. అంతకుముందు రెండేళ్లు తక్కువ జీతానికే ఎగిరినవాళ్లను కిరాయి అనడానికి నాకు నోరు రాదు. 1936–38లో స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడటానికి వెళ్లిన విదేశీయులు, అంటే అంతర్జాతీయ బ్రిగేడ్లవాళ్లూ అంతే. చాలామందికి సరైన యూనిఫాం కూడా దొరకలేదు, ఏ కోటు ఉంటే అది, నెత్తిన ఒక బెరే టోపీ.

మరొకరు: అయితే వాలంటీర్ అనేస్తే సరిపోదాండీ?

జవాబు: ఆంధ్రలో వాలంటీర్ అంటే 2019 నుంచి 2024 దాకా పింఛను ఇంటికి తెచ్చిచ్చినవాళ్లే ముందు గుర్తొస్తారు. అందుకే స్వచ్ఛంద సైనికుడు అంటాను. ఛందం అంటే ఇష్టం, కోరిక. స్వచ్ఛందం అంటే తన ఇష్టంతో అని.

అదే వ్యక్తి: మరి రష్యా సైన్యంలో చిక్కుకున్న మన హైదరాబాద్ కుర్రాళ్లు? వాళ్లూ యూనిఫాం వేసుకున్నారు కదా.

జవాబు: వాళ్ల సంగతి వేరండీ. హెల్పర్ ఉద్యోగమని ఏజెంట్లు నమ్మించి పంపారు. ఒక యువకుడి మరణవార్త 2024 మార్చిలో ఇంటికి చేరింది. ఒంటి మీద ఉన్న యూనిఫాం ఏ సైన్యంలో ఉన్నాడో చెబుతుంది గానీ ఇష్టపడి వెళ్లాడో లేదో చెప్పదు. వాళ్లను స్వచ్ఛంద సైనికులనీ అనొద్దు, కిరాయి సైనికులని అసలే అనొద్దు. ‘ఉద్యోగం పేరుతో మోసపోయి రష్యా సైన్యంలో చిక్కుకున్నవారు’ అని రాయండి. శీర్షిక పొడుగైనా ఫర్వాలేదు.